రేకు మీద సుద్దగీత

నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్ళు మొన్నామధ్య నన్ను పిలిచి వాళ్ళ షెడ్డు చూపించారు. ఇనుప రేకును వంచే కొత్త మిషను వచ్చిందట. తెర మీద కొలతలు నొక్కితే చాలు, రేకు దానంతటదే లోపలికి వెళ్ళి, ఎక్కడ వంగాలో అక్కడ వంగి బయటికొస్తోంది. చూసి ముచ్చటపడ్డాను, అబద్ధమెందుకు. టీ తాగేటప్పుడు వాళ్ళలో ఒకడు, సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏది అని అడిగాడు. పాల ఫ్యాక్టరీకి చేసిన ఒక పెద్ద తొట్టి గురించి చెప్పి తప్పించుకున్నాను. బస్సెక్కాక నా మీద నాకే కోపమొచ్చింది. అది చెప్పుకోదగ్గ పని, అంతే. గుర్తుండిపోయింది వేరే ఉంది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందులో కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకోకుండా ఉంటే చాలు.

తొంభైల్లో నేను చిత్తూరులో, వేలూరు రోడ్డు పక్కన ఉన్న ఒక షాపులో పనిచేసేవాణ్ణి. షాపంటే పేద్ద రేకుల షెడ్డు, ముందర ఒక వేపచెట్టు, లోపల తొమ్మిదిమంది మనుషులు. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు తొట్లు, చెరుకు గానుగలకు విడిభాగాలు, బెల్లం వండే పెనాలు, ఇవీ మా పనులు. తిరుపతిలో ఐటిఐ చదివి, మద్రాసులో ఆరేళ్ళు పనిచేసి వచ్చాను గనక నా ఒంట్లో పొగరు బాగానే ఉండేది. అప్పుడు నాకు ముప్పై నిండలేదు. మా ఓనరు మంచి భూములున్న కుటుంబంలో పుట్టినవాడు. ఇనుము గురించి ఆయనకు తెలిసింది తక్కువ, మనుషుల గురించి తెలిసింది ఎక్కువ. మద్రాసులో మూతపడిన ఒక కంపెనీ సామాన్లు వేలం వేస్తుంటే, అందులో ఒక బెండింగ్ మిషను ఉందని, అది మనకొస్తే సుత్తి పని సగం పోతుందని నేనే ఆయన చెవిలో వేశాను. నా మాట నమ్మి ఆయన దాన్ని లారీలో తెప్పించాడు. కాబట్టి ఆ మిషను పరువూ నా పరువూ ఒకటే అయి కూర్చుంది.

ఆ షాపులో సుత్తి పని చేసేది మేస్త్రీ. అరవై దాటిన మనిషి, పాకాల నుంచి పొద్దున ప్యాసింజరులో వచ్చి సాయంత్రం ప్యాసింజరులో పోయేవాడు. పొట్టిగా, మెడ లేనట్టుగా ఉండేవాడు. ఆదివారం ఎంత తొందర పనున్నా చర్చికి పోయి ప్రార్థన అయ్యాకే వచ్చేవాడు, అది కూడా తెల్లచొక్కా విప్పి సంచీలో మడత పెట్టుకున్నాకే సుత్తి పట్టేవాడు. రేకును ఒక లావుపాటి పైపు మీద పరిచి, చెక్కసుత్తితో ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా కొట్టుకుంటూ పోయేవాడు. ఒక్క పెనానికి ఒక దినమంతా పట్టేది. నేను పక్కన నిలబడి చేతిగడియారం చూసుకునేవాణ్ణి.

మేస్త్రీకి ఒక పద్ధతి ఉండేది. మాకు వచ్చే రేకులు మద్రాసు నుంచి తెచ్చే కట్ పీసులు. పెద్ద పెద్ద పలకల్లోంచి ఎవరో తమకు కావలసింది కోసుకోగా మిగిలిన ముక్కలు. లారీ దించగానే ఆయన ప్రతి ముక్క అంచు నుంచి వేలెడు వెడల్పున రెండు బద్దలు కోసేవాడు, ఒకటి నిలువునా, ఇంకొకటి అడ్డంగా. రెంటినీ వైసులో బిగించి పూర్తిగా వెనక్కి వంచి, వంగిన చోట వెలుతురుకు పెట్టి చూసేవాడు. ఒక బద్ద నున్నగా వంగేది, ఇంకొకటి వీపు మీద చిట్లేది. దాన్ని బట్టి ఆ ముక్క మీద సుద్దముక్కతో ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా ఒక గీత గీసేవాడు.

ఎందుకో ఒకసారి ఆయనే నాకు చెప్పాడు. ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు రోలర్ల మధ్య పెట్టి సాగదీస్తారు గదా, ఏ పక్కకు సాగిందో ఆ పక్కకు దానికి నార పడుతుందట. ఆ గీత నార పోయే దిక్కు. "గీతకు అడ్డంగా వంచితే రేకు నీ మాట వింటాదప్పా. గీత వెంబడి వంచాలంటే మాత్రం బతిమాలుకోవల్ల. గుండ్రంగా, నిదానంగా వంచల్ల" అన్నాడు.

ఇదేమన్నా అరటి బోదెనా మేస్త్రీ, నార తీసేదానికి అన్నాను నేను. షాపంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేనన్నది ఎంత తప్పో ఐటిఐ పుస్తకంలోనే ఉంది, నేను పరీక్షకు చదివి రాసిన పాఠమే. నార అనే మాట లేదు గనక అది ఇదేనని నా బుర్రకు తట్టలేదు. మార్కులు మాత్రం వచ్చాయి.

ఇక పెనాల సంగతి. అప్పటిదాకా బెల్లం పెనాలు గుండ్రంగా, రేకులు ఒకదాని మీద ఒకటి వేసి రివిట్లు కొట్టి చేసేవాళ్ళు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ రివిట్ల దగ్గర రసం కారడం మొదలయ్యేది. నేను కొత్త మిషను చూసుకుని ఒక ఆలోచన చేశాను. ఒకే రేకు తీసుకుని నాలుగు పక్కలా పైకి వంచేస్తే పళ్ళెం లాంటి పొడవాటి పెనం వస్తుంది. నాలుగు మూలల్లో వెల్డింగు తప్ప ఎక్కడా అతుకు ఉండదు. ఓనరుకు నచ్చింది. పాకాల దారిలో ఒక ఊళ్ళో చెరుకు పండించే మొగుడూ పెళ్ళాలు కొత్తగా గానుగ పెట్టుకుంటున్నారు, వాళ్ళు ఆరు పెనాలు కావాలన్నారు.

వాళ్ళిద్దరూ షాపుకొచ్చిన దినం నాకు బాగా గుర్తు. భర్త మెతక మనిషి, ఏమడిగినా భార్య వైపు చూసేవాడు. వంట చూసేది ఆమే. రసం ఎప్పుడు పాకానికొచ్చిందో, ఎప్పుడు దించాలో చెప్పేది కూడా ఆమేనట. నేను నమూనాకు చేసిపెట్టిన చిన్న పెనం అంచు మీద వేలు పెట్టి మెల్లగా లాగుతూ మూల దాకా పోయింది. వంపు కత్తి అంచులా ఉంది, కావాలనే అట్లా చేశాను. రసం కారదు గదప్పా అని అడిగింది.

"ఒక్క బొట్టు కారినా నా పేరు మార్చుకుంటానమ్మా" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మేస్త్రీ అక్కడే ఉండి నా వంక చూశాడు.

ఆరు పెనాలకు మూడు పెద్ద ముక్కలు తీశాను. మేస్త్రీ అప్పటికే వాటి మీద గీతలు గీసి పెట్టాడు. గీతకు అడ్డంగా పెనం పొడుగు పెడితే ఒక్కో ముక్కలో ఒక్క పెనమే వస్తుంది, బోలెడంత రేకు వ్యర్థం. గీత వెంబడి పెడితే రెండొస్తాయి. నేను గీత వెంబడే పెట్టాను. పోనీ వంపయినా గుండ్రంగా ఇచ్చానా అంటే అదీ లేదు. మిషనులో కింది అచ్చు సన్నదైతే వంపు పదునుగా వస్తుంది, వెడల్పుదైతే గుండ్రంగా వస్తుంది. నాకు పదునే కావాలి. మేస్త్రీ వచ్చి, పొడుగు వంపులు నార వెంబడి పడతా ఉండాయి, కనీసం పెద్ద అచ్చన్నా పెట్టు అని చెప్పాడు. అది సుత్తి కాలం నాటి మాట మేస్త్రీ, ఇది మిషను అన్నాను. నా కొలతల గీతలకు అడ్డొస్తోందని ఆయన సుద్దగీతను పాతగుడ్డతో తుడిచేశాను, ఆయన చూస్తుండగానే. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళాడు.

మిషను పెడల్ తొక్కితే ఒక్క దెబ్బకు వంపు వచ్చేసింది. ఆరు పెనాలూ ఒకటిన్నర దినంలో అయిపోయాయి. అందరూ చుట్టూ చేరి చూశారు. ఓనరు నా భుజం తట్టాడు. మూలలు మడిచి కొట్టే పని మాత్రం మేస్త్రీ చేశాడు, అది మిషనుకు చేతకాదు.

ఇప్పుడు అసలు మాట రాయాలి. మూడో పెనానికి వెలుపలి పక్క, వంపు మీద, వెంట్రుక మందాన ఒక గీటు కనిపించింది. గోటితో లాగితే తగిలింది. అది పైపై గరుకని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అది నిజం కాదని తెలుసు. తెలిసే గ్రైండరు పెట్టి నున్నగా చేసి, వెలుపలంతా రెడ్ ఆక్సైడ్ కొట్టించాను. పొయ్యి మీద పెట్టే పెనానికి రంగెందుకని వెల్డరు అడిగాడు. చూడ్డానికి బాగుంటుందని చెప్పాను.

మా పక్క ఒక మర్యాద ఉంది. కొత్త పెనంలో మొదటి వంట రోజు, దాన్ని చేసినవాళ్ళను పిలుస్తారు. మొదట దించిన వేడి బెల్లం ఆకులో పెట్టి వాళ్ళకిచ్చాకే తక్కినవాళ్ళు తింటారు. అట్లా ఓనరూ, మేస్త్రీ, నేనూ షాపు వ్యానులో ఆ ఊరికి వెళ్ళాం. ఉదయం ఎనిమిదింటికే గానుగ తిరుగుతోంది. కొట్టిన చెరుకు షెడ్డు పక్కన గుట్టలుగా పడి ఉంది. ఆమె పెనాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. మేస్త్రీ చేతులు కట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. పొయ్యిలోకి ఎండు చెరుకుపిప్పి తోసే పని ఆమె మరిదిది. పొయ్యి నోటి ముందు గొంతుక్కూర్చుని నవ్వుతూ, ఈ పొద్దు మీకు బెల్లం తినిపించి పంపిస్తాన్నా అన్నాడు నాతో.

రసం పోశారు. కాగింది, నురుగు పట్టింది, ఆమె మడ్డి తీయించి సున్నపునీళ్ళు చల్లించింది. అంతా సవ్యంగానే ఉంది. తర్వాత అడుగు నుంచి సుయ్‌మని ఒక శబ్దం వచ్చింది. మొదట చిన్నగా, తర్వాత పెద్దగా. పొయ్యిలో పడ్డ రసం ఒక్కసారిగా ఆవిరై, బూడిదతో కలిసి పొయ్యి నోట్లోంచి వెలుపలికి తన్నింది. మరిది మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గనక కళ్ళు దక్కాయి. ముంజేయి మోచేతి దాకా కాలిపోయింది.

ఆ ఇల్లాలు అరవలేదు. మరిది చేతి మీద నీళ్ళు పోయమని ఒకరికి చెప్పింది, పొయ్యిలోంచి మంట లాగేయమని ఇంకొకరికి చెప్పింది, రసం డ్రమ్ముల్లోకి తోడమని నలుగురిని పురమాయించింది. రసం పొద్దెక్కే కొద్దీ పులిసిపోతుంది. కొట్టిన చెరుకు కూడా నిలవుండదు. అదంతా వాళ్ళ ఏడాది కష్టం. నేను మాత్రం అక్కడ ఒక మూల కొయ్యబారి నిలబడ్డాను.

మూడో పెనమే అది. చల్లార్చి, బోర్లించి చూస్తే అడుగంతా మసి. ఎక్కడ కారిందో ఎవరికీ తెలియలేదు. చెరుకు కొట్టే మనుషులు కత్తులు చేతిలో ఉండగానే చుట్టూ చేరారు. మరిది స్నేహితులు ఇద్దరు ఓనరుతో గట్టిగా మాట్లాడుతున్నారు. మూలలో వెల్డింగు పోయిందని ఒకడన్నాడు, ముసలాయన కొట్టిన మడతే చిట్లిందని ఇంకొకడన్నాడు. ఓనరు మేస్త్రీ వైపు చూశాడు.

మేస్త్రీ ఆమెను రసానికి వేసే సున్నమూ, కొంచెం కిరసనాయిలూ అడిగాడు. మసి రుద్ది తీసేసి, వెలుపలి పక్కంతా సున్నం పలచగా పూశాడు. అది ఆరాక పెనాన్ని అంచు మీద నిలబెట్టి, లోపలి పక్క గుడ్డతో కిరసనాయిలు పట్టించాడు. సందు ఎంత సన్నదైనా కిరసనాయిలు దాంట్లోంచి దూరి, అటుపక్క సున్నం మీద తడి గీతగా కనిపిస్తుంది. పది నిమిషాలు పట్టింది. నేను మాత్రం ఆ గీత ఎక్కడ వస్తుందో ముందే చూసేశాను. మూలల్లో సున్నం తెల్లగానే ఉంది. పొడుగు వంపు మీద జానెడు దూరం, దారం పరిచినట్టు నిటారుగా ఒక నల్లగీత తేలింది.

ఏంది మేస్త్రీ ఇది అన్నాడు ఓనరు.

మేస్త్రీ ఆ గీతను చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. నన్ను చూశాడు. "రేకులోనే లోపం ఉండాది సామీ. సూసింది నేనే. నాకు కనపల్లేదు" అన్నాడు.

"ముప్పై ఏండ్లుగా సూస్తా ఉండావు గదా మేస్త్రీ" అన్నాడు ఓనరు. అంతే అన్నాడు. కానీ ఆ మాటలో ఉన్నదంతా అక్కడున్న అందరికీ అర్థమయింది.

నేను నోరు తెరవాల్సిన క్షణం అది. రెండు మాటలు చాలు. వంచింది నేను, గీటు చూసి రంగు పూసింది నేను. ఆ మాటలు నేను అనలేదు. మిషను పరువు పోతుందని అనుకున్నాను, ఓనరు మొహం ఎట్లా చూడాలని అనుకున్నాను, ఆ కత్తులను చూసి భయపడ్డాను కూడా. కారణాలకేం, కావలసినన్ని దొరుకుతాయి. ఆమె మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, డ్రమ్ముల వైపు వెళ్ళిపోయింది. పక్క గానుగవాళ్ళను బతిమాలి రసం అక్కడికి తరలించే పనిలో పడింది. మేస్త్రీ మరిదిని వెంటబెట్టుకుని పాకాల ఆసుపత్రికి వెళ్ళాడు. ఓనరూ నేనూ వ్యానులో చిత్తూరు తిరిగొచ్చాం.

మర్నాడు మేస్త్రీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వయసైపోయింది, ఇంక చాలనుకున్నాడేమో అన్నారు షాపులో. ఓనరే వద్దని ఉంటాడన్నారు ఇంకొందరు. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. ఓనరు పంపిస్తే నేనేం చేస్తాను అని. మేస్త్రీ చెక్కసుత్తి ఆయన పెట్టిన చోటే, పైపు పక్కన ఆనించి ఉండేది. ఎవరో దాన్ని జరిపితే నేను విసుక్కున్నాను. వాడికేం అర్థమవుతుంది పాపం.

పదకొండో రోజున మద్రాసు నుంచి కట్ పీసుల లోడు వచ్చింది. దించారు. గోడకు ఆనించిన ముక్కలన్నీ నల్లగా, ఒకే రకంగా ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా గీత లేదు. గుజ్జు ఫ్యాక్టరీ తొట్టికి ఏ ముక్క ఎట్లా తిప్పి పెట్టాలో నాకు తెలియలేదు. ఆరేళ్ళ మద్రాసు, ఐటిఐ, మిషను, అన్నీ ఉన్నాయి, తెలియలేదు. చివరికి నేనే రెండు బద్దలు కోసి వైసులో వంచాను. మొదటిది నున్నగా వంగింది. రెండోది వంగుతూ వంగుతూ టిక్‌మని చిన్న చప్పుడు చేసి వీపు మీద చిట్లింది. సరిగ్గా ఆ మూడో పెనం గీటే. ఆ బద్ద చేతిలో పట్టుకుని ఓనరు గదిలోకి వెళ్ళి, బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పేశాను. రంగు సంగతి కూడా.

ఆయన ఆ బద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను ఆయన్ని పొమ్మనలేదప్పా. రెండుసార్లు మనిషిని కూడా పంపించినా. రానన్నాడు" అన్నాడు. నా మిషను గురించి, నా ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు. నువ్వే పొయ్యి పిలుచుకోని రా అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పాకాల వెళ్ళాను. రైలుకట్టకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు. మేస్త్రీ వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్ళ తపేలాకు సొట్ట తీస్తున్నాడు. ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఓనరుకు చెప్పేశాను మేస్త్రీ, రా పోదాం అన్నాను. ఆయన సొట్ట తీయడం ఆపలేదు.

"రేకు మంచిదప్పా. మంచి రేకును పట్టుకోని అందరి ముందర చెడ్డదనేసినా. రేపు ఇంకో రేకు మీద గీత గీస్తే, అది నిజమని ఎవురు నమ్ముతారు? నాకే నమ్మకం లేదు."

మరి ఎందుకన్నావు మేస్త్రీ ఆ మాట అని అడిగాను.

"ఆ పిల్లోని చెయ్యి కాలింది. వాళ్ళు నిన్ను కొట్టేటట్టుండారు. ముసిలోణ్ణయితే కొట్టరు గదా" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, గొడుగు పట్టిన సంగతి చెప్పినట్టు. తర్వాత తపేలా పక్కన పెట్టి అడిగాడు: "ఆయమ్మకు చెప్పినావా?"

లేదన్నాను.

"ముందు ఆడికి పో. రేకు మంచిదని నీ నోటితో చెప్పు. అప్పుడు వస్తా."

ఆయన వచ్చాడు, అది ముందే చెప్పేస్తాను. తర్వాతి సోమవారం ఉదయం ప్యాసింజరు దిగి, ఏమీ జరగనట్టు సంచీ మేకుకు తగిలించి, కొత్త లోడు ముందు కూర్చుని బద్దలు కోయడం మొదలుపెట్టాడు. ఆ ఆరు పెనాలూ వెనక్కి తెప్పించి, వేరే రేకుల్లో, ముక్కకు ఒక్కటే వచ్చేటట్టు గీతకు అడ్డంగా పెట్టి, పెద్ద అచ్చుతో గుండ్రంగా వంచాం. పొట్టి వంపులు మాత్రం నార వెంబడే వస్తాయి, తప్పదు. వాటిని మేస్త్రీ పైపు మీద చేత్తో వంచాడు, ఈసారి నేను పక్కన గడియారం చూసుకోలేదు. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళు ఆయన మా షాపులోనే పనిచేశాడు. ఆయన మానేశాక గీతలు నేను గీశాను. నాయుడుపేట పిల్లలూ, మీ మిషను ఎంత తెలివైనదైనా రేకును ఏ దిక్కుకు పెట్టాలో అడిగితే మీరే చెప్పాలి. అది మాత్రం గుర్తుంచుకోండి.

చూశారా, నీతి చెప్పేసి ముగించబోతున్నాను. అసలుదాన్ని దాటేశాను. ఆమె దగ్గరికి వెళ్ళిన సంగతి.

పాకాల వెళ్ళొచ్చిన మర్నాడు చిత్తూరులో బస్సెక్కి ఆ ఊళ్ళో దిగాను. గానుగ తిరగడం లేదు. మా పెనాలు ఆరూ గోడకు బోర్లించి ఉన్నాయి. మిగిలిన చెరుకంతా పక్క గానుగకే తోలుతున్నారట, వాళ్ళ వంతు అయ్యాక వీళ్ళ వంతు. మరిది చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేటలో ఏదో చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది.

"ఏమప్పా, పేరు మార్చుకున్నావా?" అంది.

నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. రేకు మంచిదమ్మా, మేస్త్రీ తప్పు కాదు, వంచింది నేను, పగులు చూసి రంగు పూసింది నేను అన్నాను. మరిది వైపు తిరిగి, నీ చెయ్యి కాల్చింది నేనేనప్పా అన్నాను. అతను తల దించుకుని కట్టు మీద దారం సర్దుకున్నాడు. తిడతారని, కొడతారని సిద్ధపడి వెళ్ళాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"రేకు మంచిదని తెలుసులే. పెద్దాయన వచ్చి చెప్పి పోయినాడు" అంది ఆమె. "ఆ పొద్దు అబద్ధం చెప్పినానమ్మా, రేకు మంచిది, వంపు తప్పు అన్నాడు. ఎవురు వంచినారని అడిగితే చెప్పలేదు. ఆ మనిషే వచ్చి చెప్తాడులే, కొంచెం ఓర్చుకో అన్నాడు."

రేకు పేరు ఆయనే ఎప్పుడో నిలబెట్టేశాడన్నమాట. పాకాలలో నాకు పెట్టిన షరతు రేకు కోసం పెట్టింది కాదు. అరుగు చివర కూర్చున్నాను.

"ఆయన ఎప్పుడొచ్చినాడమ్మా?" అని అడిగాను.

"పెనం పగిలిన మర్నాడే. తెల్లారి మొదటి బస్సుకే వచ్చినాడు. అప్పుటినుంచీ బస్సు ఆగినప్పుడల్లా సూస్తానే ఉండాం, ఎవురు దిగుతారో అని."

చిత్తూరు నుంచి ఆ ఊరికి బస్సులో ముప్పావు గంట. నాకు పదమూడు రోజులు పట్టింది.